ఎర్తు తీసిన పెట్టె

శ్రీకాకుళం పాత బస్టాండు వెనక సందులో ఉమాశంకర్ దుకాణానికి బోర్డు లేదు. యాంప్లిఫయర్లు కట్టే మనిషి ఎక్కడుంటాడని అడిగితే ఇస్త్రీ బండి పక్కన నీలం తలుపు అని చెప్పేవారు. లోపల రెండు బల్లలు, గోడ నిండా మేకులకు వేలాడే వైరు చుట్టలు, సోల్డరు వాసన. ఎవరైనా సెట్టు తెచ్చి బల్ల మీద పెడితే అతను ముందు మూత విప్పేవాడు కాదు. పాటేమీ పెట్టకుండా స్విచ్ వేసి, ఒక చెవి వేలితో మూసుకుని, రెండో చెవి స్పీకరుకి ఆనించి కాసేపు వినేవాడు. పాట ఉన్నప్పుడు రోగాలన్నీ దాని కింద దాక్కుంటాయనీ, ఖాళీగా ఉన్నప్పుడే పెట్టె నిజం చెబుతుందనీ అతని నమ్మకం.

ఆ పద్ధతి అతనికి గంగులు నేర్పినది. ఉమాశంకర్ తండ్రి నూకయ్య సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి. కొడుకుని కూడా పడవెక్కించాడు కానీ, కెరటం దాటగానే వాడి కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేసేది. రెండేళ్లు చూసి, వీడికి సముద్రం పడదని నూకయ్యే ఒప్పుకున్నాడు. జాతరలకు మైకు సెట్లు అద్దెకిచ్చే గంగులు దగ్గర పనిలో పెట్టాడు.

అక్కడ ఉమాశంకర్ తన పంతొమ్మిదో ఏట చూసిన సంగతి ఒకటి ఉంది. అమ్మవారి పండక్కి తీరం మీద పందిరి వేశారు. భజన పాడే మనిషి తడి ఇసుకలో ఉత్తికాళ్లతో నిలబడి మైకు కడ్డీ పట్టుకున్నాడు. ఆ రోజు యాంప్లిఫయరుకి ఎర్తు కట్టలేదు. భూమిలో పాతాల్సిన ఇనుప ఊచ వ్యానులోనే ఉండిపోయింది. మనిషి ఒళ్లంతా బిగుసుకుని ఊగిపోతుంటే చుట్టూ ఉన్నవాళ్లు అమ్మవారు పూనిందనుకున్నారు. తాళాలు ఇంకా గట్టిగా వేశారు. గంగులు పరిగెత్తి వైరు పీకేసరికి ఆలస్యమైంది. ఆ మనిషి మూడు రోజులు బతికాడు.

గంగులు ఆ ఏడే సెట్లన్నీ అమ్మేశాడు. ఉమాశంకర్ మాత్రం సెట్ల పనిలోనే ఉండిపోయాడు. సొంత దుకాణం పెట్టిన పదేళ్లలో బయటికి పంపిన ప్రతి యాంప్లిఫయరుకీ ఎర్తు పిన్ను ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే బిగించాడు. రెండు పిన్నులు చాలని పట్టుబట్టినవాళ్ల బేరం వదులుకున్నాడు.

ఒక్క పెట్టె విషయంలోనే తప్పాడు.

అది రాజాంలో వేంకటాచలంగారి ఇంట్లో ఉండేది. ఆయన ముప్పై ఏళ్లు సంగీత కళాశాలలో గాత్రం చెప్పి రిటైరయ్యారు. 2016 వేసవిలో ఆయన శిష్యుడు హరిచరణ్ నీలం తలుపు వెతుక్కుంటూ వచ్చాడు. మాస్టారి దగ్గర ఆయన గురువుగారి కచేరీలు నలభై క్యాసెట్లు ఉన్నాయి. వాటిని హరిచరణ్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. కానీ ఇంట్లో ఉన్న పాత యాంప్లిఫయరు మీద గొంతు, మృదంగం వినిపిస్తాయి తప్ప వెనక తంబురా వినిపించదు. మాస్టారికి ఆ తంబురా కావాలి. స్పీకర్లు మంచివే. వాటిని ఉంచి యాంప్లిఫయరు ఒక్కటీ మార్చాలి.

ఉమాశంకర్ నెల్లాళ్లు ఆ పని మీదే కూర్చున్నాడు. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు తనే చుట్టాడు. మందపాటి ఇనుప రేకుతో పెట్టె చేయించి నల్లరంగు వేశాడు. ముందు వైపు ఇత్తడి నాబ్ పెట్టాడు. దుకాణంలో పాట లేకుండా పెట్టి వింటే చిన్న చప్పుడు కూడా లేదు. సెట్టు ఆన్‌లో ఉందో లేదో ఎర్ర బల్బు చూసి తెలుసుకోవాల్సిందే.

రాజాం తీసుకెళ్లి బిగించగానే స్పీకర్లలో గుయ్‌మని హమ్మింగ్ వచ్చింది.

చాలా సన్నది. వేరే ఇంట్లో అయితే ఫ్యాను చప్పుడులో కలిసిపోయేది. హరిచరణ్‌కి చెబితే గానీ తెలియలేదు. వేంకటాచలంగారు మాత్రం పాట మొదలైన నిమిషానికే చెయ్యెత్తి ఆపమన్నారు. గురువుగారిది ఒకటో శ్రుతి. కరెంటు హమ్మింగ్ ఆ శ్రుతి పంచమానికి వెంట్రుకవాసి పైన పలుకుతోంది. తంబురా పంచమం తీగ మోగినప్పుడల్లా పక్కనే ఇంకో పంచమం లేచి రెండూ ఒరుసుకుంటున్నాయి.

ఉమాశంకర్‌కి స్వరాల పేర్లు తెలియవు. అయినా తల వంచి విని, అరచేతిని గాలిలో మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ, “సెకనుకి రెండుసార్లు ఊగతన్నాది బాబూ,” అన్నాడు.

మాస్టారు అతని వైపు పూర్తిగా తిరిగారు. ఇన్నేళ్లలో ఎందరికో పాఠం చెప్పాననీ, ఎవరూ చెప్పకుండా ఆ ఊగు పట్టుకున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో అనీ అన్నారు. లోపలికి కేకేసి అతనికి కాఫీ తెమ్మన్నారు.

“నీకు చెవి ఉందిరా,” అన్నారు.

వేటకు పనికిరాడని తేలిన రోజు నుంచి ఉమాశంకర్‌కి ఫలానాది ఉందని ఎవరూ అనలేదు. తిరుగు బస్సులో ఆ మాట మళ్లీ మళ్లీ అనుకున్నాడు. ఇంటికి వెళ్లి భార్య దేవికి కూడా చెప్పాడు. ఆమె మార్కెట్లో చేపలమ్మి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. “అయితే ఇన్నాళ్లూ సెవి నేకుండానే కాపరం సేసేవేటి?” అని నవ్వింది.

రెండోసారి వెళ్లి ట్రాన్స్‌ఫార్మరు తిప్పి బిగించాడు, లోపలి వైర్లు మార్చాడు. హమ్మింగ్ పోలేదు. మూడోసారి వెళ్లినప్పుడు సంగతి తెలిసింది. లోపం పెట్టెలో లేదు, ఇంటి ఎర్తులో ఉంది. ఇల్లు కట్టిన రోజుల్లో పెరట్లో పాతిన ఎర్తు గొయ్యి ఎప్పుడో ఎండిపోయింది. నీళ్ల మోటారు నుంచి కారే కరెంటు ఆ వైరు మీదుగా ఇల్లంతా తిరుగుతోంది. కొత్త గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, కొత్త రేకు పాతాలి. ఒక పూట పని.

వేంకటాచలంగారు గోడ మీది పంచాంగం వైపు చూశారు. నాలుగు రోజుల్లో ఆషాఢం. శూన్యమాసంలో ఇంటి ఆవరణలో గునపం దించడం వాళ్ల వంశంలో లేదు. ఈలోపు మంచి రోజూ లేదు. శ్రావణం రాగానే తవ్విద్దామన్నారు. అప్పటిదాకా ఆ శబ్దం మాత్రం భరించలేనన్నారు.

లోపం ఎర్తులోనేనని చూపించడానికి ఉమాశంకర్ ప్లగ్గు విప్పి, పై పిన్నుకి వెళ్లే పచ్చ వైరు తప్పించి, మళ్లీ స్విచ్ వేశాడు. హమ్మింగ్ లేదు. తంబురా నాలుగు తీగలూ దేనికది విడిగా వినిపించాయి. వాటి మధ్యలోంచి, ఎప్పుడో చనిపోయిన మనిషి ఊపిరి తీసుకుని పాట ఎత్తుకోవడం కూడా వినిపించింది. మాస్టారు కళ్లు మూసుకున్నారు. అరగంట ఎవరూ కదల్లేదు. పాట అయ్యాక ఆయన ఉత్తరీయంతో ముఖం తుడుచుకుని ఇలాగే ఉండనిమ్మన్నారు.

పచ్చ వైరు ఎందుకో ఉమాశంకర్‌కి తెలుసు. లోపల కరెంటు ఎక్కడైనా దారి తప్పి ఇనుప పెట్టెకి చేరితే ఆ వైరు దాన్ని భూమిలోకి తీసుకుపోతుంది. వైరు లేకపోతే ఆ కరెంటు ఇనుము మీదే ఉంటుంది, ముట్టుకునే మనిషి కోసం. అతను ఈ సంగతి మాస్టారికి చెప్పాడు, కానీ బాగా తగ్గించి చెప్పాడు. తడిచేత్తో మాత్రం ముట్టుకోవద్దనీ, శ్రావణంలో తనే మనుషుల్ని తెచ్చి గొయ్యి తవ్విస్తాననీ అన్నాడు. ఆయన పాట మళ్లీ మొదటినుంచి పెట్టమని సైగ చేస్తూ తలూపారు. ఉమాశంకర్ పచ్చ వైరు కొసకి నల్లటేపు చుట్టి, ప్లగ్గు మూసి, మర బిగించాడు.

ఆషాఢమంతా వానలు. మాస్టారు తనకు తెలిసిన అందరికీ అతని పేరు చెప్పారు. విజయనగరం నుంచి కూడా సెట్లు వచ్చాయి. వచ్చినవాళ్లు అతని పేరుకన్నా ముందు అతని చెవి గురించి మాట్లాడేవారు. అందరికీ మూడు పిన్నులే పెట్టాడు. రాజాం గొయ్యి గుర్తొచ్చినప్పుడు, అవసరమైతే వాళ్లే కబురు పెడతారులే అనుకున్నాడు. శ్రావణం వచ్చి పదిరోజులు కావస్తున్నా కబురు రాలేదు. హమ్మింగ్ లేదు కాబట్టి ఆ ఇంట్లో గొయ్యి సంగతి ఎవరికీ గుర్తు లేదు. వెళ్లి గుర్తుచేస్తే పచ్చ వైరు సంగతి మొదటినుంచీ చెప్పుకోవాలి. ఉమాశంకర్ వెళ్లలేదు.

వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు, గురువారం మధ్యాహ్నం మాస్టారి కూతురు రాగసుధ దుకాణానికి వచ్చింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఉద్యోగం. ఆ రోజు ఒక పూటే పని చూసుకుని వచ్చింది. ఒక స్పీకరు పూజగది గుమ్మం దగ్గరికి జరపాలట, పొడుగు వైరు కావాలంది. ఉమాశంకర్ చుట్ట దించి, బల్ల అంచు మీద మూరలు కొలుస్తూ, సెట్టు ఎలా ఉందని అడిగాడు.

నాన్నగారు దాని ముందునుంచి లేవడం లేదంది. అమ్మకే ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు. కుడిచేతి వేళ్లకి చీమలు పాకినట్టు తిమ్మిరి. మొదట్లో వేళ్ల వరకే, ఇప్పుడు మోచేతిదాకా వస్తోంది. నిన్నయితే చెయ్యి ఒక్క ఊపున వెనక్కి విదిలించుకుందట. నాలుగేళ్లుగా షుగరుంది కదా, నరాల మీదికి వచ్చిందన్నాడు డాక్టరు. మాత్ర రెట్టింపు చేశాడు, అన్నం మాన్పించాడు. అయినా తగ్గలేదు.

ఉమాశంకర్ చేతిలో వైరు ఆగిపోయింది.

“రోజంతానా అమ్మా ఆ తిమ్మిరి?”

“అదే విచిత్రం. ఒక్క పొద్దుటిపూటే. స్నానం చేసి మడి కట్టుకుని దీపం పెట్టే వేళకి. తర్వాత ఏమీ ఉండదు.”

మిగతాది అతను అడక్కుండానే చెప్పింది. వాళ్లమ్మ జగదీశ్వరమ్మగారు తెల్లవారకముందే నూతి దగ్గర స్నానం చేస్తారు. తడిపి పిండిన చీర తడితోనే చుట్టుకుంటారు. హాలు కడిగి, ఆ తడి గచ్చు మీద నిలబడి, గురువుగారి పాట పెట్టి, అప్పుడు దీపం వెలిగిస్తారు. పూజ అయ్యేదాకా ఇంట్లో ఇంకెవరూ ఆ సెట్టు ముట్టుకోకూడదు. కొత్త సెట్టు వచ్చిన రోజు నుంచీ అదే వరస. రేపు వ్రతం కాబట్టి ఇంకా ముందే లేస్తారు.

ఆమె చేతికొచ్చింది షుగరు తిమ్మిరి కాదు. ఆ మాట ఉమాశంకర్ గొంతుదాకా వచ్చింది. అది చెబితే తర్వాతి మాట కూడా చెప్పాలి. ఎర్తు ఎవరు తీశారో చెప్పాలి. అతను వైరు చుట్టి కాగితంలో పెట్టాడు.

“రేపు పొద్దున్న అమ్మగారిని సెట్టు పెట్టొద్దని సెప్పండమ్మా. లోపల సిన్న పని ఒకటి ఉన్నాది. నేనొచ్చి సూస్తాను.”

రేపు వ్రతం పూట పాట లేకపోతే అమ్మ ఊరుకోదనీ, శనివారం రమ్మనీ తేలిగ్గా అని, రాగసుధ గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. అతను నీలం తలుపు దగ్గర నిలబడి ఆ గొడుగు సందు మలుపు తిరిగేదాకా చూశాడు. పిలవలేదు.

ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నాడు కానీ కలపలేదు. దేవి రెండుసార్లు చూసి, పీట జరుపుకుని ఎదురుగా కూర్చుంది. ఏమైందని అడిగింది. అతను అంతా చెప్పాడు. ఎప్పుడూ మధ్యలో అడ్డుతగిలే మనిషి ఈసారి చివరిదాకా విన్నది.

“ఆ పిల్లకేల సెప్పనేదు?”

“సెప్పేను. ముట్టుకోవద్దన్నాను.”

“ఎందుకో సెప్పేవా?”

అతను కంచం పక్కకి జరిపాడు.

“సిన్న పని ఉన్నాదంటే ఎవులు ఇంటారు? నానయితే ఇంటానా? ఇంట్లో పండగెట్టుకుని నీ సిన్న పని కోసం పాట మానేస్తాదా ఆ యమ్మ? నీ సెవి గొప్ప నిలబడాలని ఆ యమ్మ సచ్చిపోవాలేటి?”

రాగసుధ నంబరుకి చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. మాస్టారి ఫోను మోగి మోగి ఆగిపోయింది. పాట వింటున్నప్పుడు ఆయన ఫోను బీరువాలో పెట్టేస్తారు. ఉమాశంకర్ మూడోసారి చెయ్యబోతుంటే దేవి చేతిలోంచి ఫోను లాక్కుని అతని చొక్కా జేబులో పడేసింది. ఇది ఫోనులో చెప్పే మాట కాదనీ, బండి తియ్యమనీ అంది. బయట వాన పడుతోంది. తగ్గాక వెళ్లొచ్చని అతను అనలేదు.

ఎచ్చెర్ల దాటేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. చిలకపాలెం దగ్గర హైవే దిగి పొందూరు రోడ్డు పట్టాడు. గుంతల్లో నీళ్లు నిండి ఏది లోతో తెలియడం లేదు. బండి నెమ్మదిగా పోతున్నకొద్దీ అతనికి లెక్కలు తోచాయి. పొడి చేత్తో, చెప్పులతో ముట్టుకుంటే ఏమీ తెలియదు. తడిబట్ట, తడి గచ్చు, ఉత్తికాళ్లు. మొదట వేళ్లు, తర్వాత మోచెయ్యి, నిన్న విదిలింపు. కారే కరెంటు రోజురోజుకీ పెరుగుతోంది. పెట్టెలో ఎక్కడో ఏదో ఒరుసుకుపోతోంది. అది ఎంతవరకు వచ్చిందో మూత విప్పితే గానీ తెలియదు. ప్రమాదం రేపు పొద్దున్నదాకా ఆగక్కర్లేదని కూడా తోచింది. పండగ ముందురోజు సాయంత్రం ఇళ్లు కడుగుతారు.

రాజాం చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. మాస్టారింటి వాకిట్లో అప్పుడే ముగ్గు పెట్టారు. వసారాలోకి ఎక్కుతుంటే లోపలినుంచి పాట వినిపించింది. కిటికీలోంచి చూశాడు. హాలు గచ్చు మీద నీళ్లు మెరుస్తున్నాయి. వేంకటాచలంగారు కాళ్లు పైకి పెట్టుకుని కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. జగదీశ్వరమ్మగారు ఉత్తికాళ్లతో, బకెట్టులో గుడ్డ ముంచి పిండి, నల్ల పెట్టె పెట్టిన బల్ల తుడుస్తున్నారు. బల్ల కాళ్లు అయ్యాయి, అంచులు అయ్యాయి. ఆమె గుడ్డ మళ్లీ ముంచారు.

ఉమాశంకర్ పిలవలేదు. పిలిస్తే ఆమె తిరుగుతూ దేని మీద చెయ్యి వేస్తారో తెలియదు. వసారా గోడకి మీటరు పక్కన మెయిన్ స్విచ్ ఉంది. చెప్పు విప్పి, దాని రబ్బరు అట్టతో ఆ పిడి కిందికి నొక్కాడు.

ఇల్లంతా చీకటైంది. పాట ఆగిపోయింది.

లోపల మాస్టారు, కరెంటు పోయిందా అని విసుక్కున్నారు. ఉమాశంకర్ గుమ్మంలో నిలబడి, పోలేదనీ, తనే తీశాననీ చెప్పాడు. అమ్మగారిని ఆ బల్ల దగ్గరినుంచి ఇవతలికి రమ్మన్నాడు. రాగసుధ లోపలినుంచి సెల్‌ఫోను లైటు వేసుకుని వచ్చింది. చిన్న పనే కదా అని ఆమె తల్లికి ఇంకా ఏమీ చెప్పలేదు.

అందరూ దూరంగా నిలబడ్డాక అతను మెయిన్ వేశాడు. చెయ్యి తుడుచుకుని, జేబులోంచి టెస్టరు తీసి, దాని మొన ఇత్తడి నాబ్‌కి తాకించాడు. టెస్టరులో ఎర్రగా వెలిగింది. తీశాడు, ఆరిపోయింది. పెట్టె పక్క రేకుకి తాకించాడు, మళ్లీ వెలిగింది.

“అమ్మగారూ, మీ సేతికొస్తన్నాది షుగరు తిమ్మిరి కాదు. ఈ కరెంటే. ఎర్తు నేను తీసేసేను.”

జగదీశ్వరమ్మగారు తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నారు. తర్వాత భర్త వైపు చూసి, మీకు తెలుసా అని అడిగారు. తడిచేత్తో ముట్టుకోవద్దని అతను చెప్పాడనీ, ఆ వేళ ధ్యాసంతా పాట మీద ఉండిపోయిందనీ ఆయన గొణిగారు.

“నెల్లాళ్లుగా గోధుమరవ్వ తింటున్నాను,” అన్నారామె.

ఉమాశంకర్ ప్లగ్గు విప్పాడు. నల్లటేపు ఊడదీసి, పచ్చ వైరు పై పిన్నుకి బిగించి, స్విచ్ వేశాడు. హమ్మింగ్ వచ్చింది. దానితోపాటే పాట కూడా వచ్చింది. పంచమం పక్కన ఇంకో పంచమం లేచి ఒరుసుకోవడం మొదలైంది. వేంకటాచలంగారు కాసేపు ఓర్చుకున్నారు. తర్వాత లేచి వచ్చి, అతని భుజం మీదుగా వంగి, ప్లగ్గు వైపు చూస్తూ మెల్లగా అడిగారు.

“తీసింది ఆ పచ్చ వైరు ఒక్కటేనా?”

మళ్లీ తీయడానికే అడుగుతున్నారని ఉమాశంకర్‌కి అర్థమైంది. ఆయన గొంతులో కోపం లేదు. శిష్యుడు కొత్త పాఠం అడిగినట్టు అడిగారు. రేపు వ్రతం కదా, ఇలాంటి శబ్దంతో గురువుగారి పాట పెట్టలేననీ, ఆవిడ ముట్టుకోకుండా తనే పొడి చేత్తో పెడతాననీ, గొయ్యి సంగతి పండగలయ్యాక చూద్దామనీ అన్నారు.

“గొయ్యి తవ్విందాకా ఈ పెట్టి ఇక్కడుండకూడదు బాబూ.”

“పెట్టె నాది.”

పెట్టె ఆయనదే. ఉమాశంకర్ స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని నేల మీద అలాగే కూర్చుండిపోయాడు. జగదీశ్వరమ్మగారు వెళ్లి తువ్వాలుతో రెండు చేతులూ పొడిగా తుడుచుకుని వచ్చారు. గోడ స్విచ్ తీశారు. ప్లగ్గు లాగారు. పెట్టె వెనక్కి వెళ్లి స్పీకరు వైర్లు ఒక్కొక్కటే పీకి కింద పడేశారు.

“తీసుకుపో నాయనా.”

రాగసుధ ఒక పక్క పట్టింది. ఇద్దరూ పెట్టెను వసారాలోకి మోసి, బియ్యం బస్తా సంచీ కప్పి, బండి వెనక తాడుతో కట్టారు. వేంకటాచలంగారు బయటికి రాలేదు.

శుక్రవారం పొద్దున్న దుకాణం తెరవగానే ఉమాశంకర్ మూత విప్పాడు. ట్రాన్స్‌ఫార్మరుకి వెళ్లే కరెంటు వైరు, రెండోసారి తను మార్చి బిగించిన చోటే, రేకు అంచు మీద వంగి ఉంది. ట్రాన్స్‌ఫార్మరు అదురుకి రోజూ కొంచెం కొంచెంగా కోసుకుపోయి, వైరు మీది తొడుగు తెగింది. రాగి బయటపడింది. రాగికీ ఇనుముకీ మధ్య మిగిలింది తను వేసిన నల్లరంగు ఒక్కటే. అదీ ఒక పక్క గీసుకుపోయి రేకు తెల్లగా కనిపిస్తోంది. అతను గడియారం చూశాడు. తొమ్మిదిన్నర. వ్రతం ఈపాటికి మొదలై ఉంటుంది. అతను స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపటిదాకా ఆ వైరు ముట్టుకోలేదు.

పదకొండింటికి హరిచరణ్ ఫోను చేశాడు. వ్రతానికి మాస్టారింటికే వచ్చాడట. మాస్టారు పెట్టె ఎప్పుడిస్తావని అడగమన్నారన్నాడు. ఉమాశంకర్ తను చూసిన రాగి సంగతి చెప్పి, వైరు మార్చేస్తాననీ, గొయ్యి తవ్విన రోజున తనే తెచ్చి బిగిస్తాననీ అన్నాడు. హరిచరణ్ ఫోను చేత్తో మూసి ఎవరితోనో మాట్లాడాడు. మళ్లీ వచ్చి, కొంచెం ఇబ్బందిపడుతూ, అలా అయితే మాస్టారు వేరేవాళ్లతో ఇంకో సెట్టు కట్టించుకుంటారట అన్నాడు. పచ్చ వైరు తప్పించమని కొత్త మనిషికి తనే చెప్పుకుంటారట.

ఉమాశంకర్ ఫోను ఒకసారి అమ్మగారికిమ్మన్నాడు.

జగదీశ్వరమ్మగారు వచ్చారు. వెనక ముత్తైదువుల మాటలు, గిన్నెల చప్పుడు వినిపిస్తున్నాయి. అతను తొడుగు తెగిన సంగతి ఆమెకు మళ్లీ చెప్పాడు, ఈసారి ఏమీ తగ్గించకుండా. ఇంకో మనిషి ఇంకో పెట్టె తెస్తే ఏం చూడాలో, మూడో పిన్ను ఎలా ఉంటుందో చెప్పాడు.

“ఎవరు కట్టినా సరే నాయనా,” అన్నారామె చివరికి. “మొదటి రోజు తడిబట్టతో ఆయన్నే పాట పెట్టమంటాను.”